ఆన్‌లైన్‌లో డిగ్రీ: చేరేముందు ఎవరిని అడగాలి, ఏం అడగాలి

(జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరితో ఒక కామర్స్ లెక్చరర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి నాకు వస్తున్న ఫోన్లలో చాలావాటిలో ఒకటే ప్రశ్న. "సార్, డిగ్రీ ఆన్‌లైన్‌లో చేస్తే పనికొస్తుందా, లేకపోతే కాలేజీలోనే చేర్పించాలా?" దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేవాళ్లను నమ్మకండి. కళ్లు మూసుకుని అవును అనేవాళ్లలో కొందరికి అడ్మిషన్‌కి ఇంత అని కమిషన్ ఉంటుంది. కాదు అనేవాళ్లలో చాలామంది కరోనా టైంలో పిల్లలు ఫోన్ ముందు కూర్చుని నిద్రపోవడం చూసి ఆన్‌లైన్ చదువంటే అదే అని తేల్చేసుకున్నవాళ్లు. 2020లో జరిగింది వేరే విషయం. కాలేజీలు మూసేస్తే, బోర్డు ముందు చెప్పే పాఠాన్నే కెమెరా ముందు చెప్పాం, అప్పటికి వేరే దారి లేదు. ఆన్‌లైన్ కోసమే తయారుచేసిన కోర్సులో వీడియో పాఠం ఉంటుంది, చదువుకోవడానికి మెటీరియల్ ఉంటుంది, డౌట్లు అడిగే చోటు ఉంటుంది, ఎంతవరకు వచ్చిందో మనకి మనమే చూసుకునే పరీక్షలు ఉంటాయి. ఆ నాలుగూ సరిగ్గా ఉన్న కోర్సులున్నాయి, పేరుకి మాత్రమే ఉన్నవీ ఉన్నాయి.

ఇంకో గందరగోళం కూడా ముందే తీసేద్దాం. దోస్త్‌లో, అంటే తెలంగాణలో డిగ్రీ కాలేజీ సీట్లు ఇచ్చే వెబ్‌సైట్‌లో, సీటు రావడం ఆన్‌లైన్ డిగ్రీ కాదు. అక్కడ అడ్మిషన్ మాత్రమే ఆన్‌లైన్, చదువు మామూలు కాలేజీలోనే. మొన్న ఒకాయన వాళ్లబ్బాయికి దోస్త్‌లో సీటొస్తే "ఇంక కాలేజీకి వెళ్లక్కర్లేదు కదా" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను, ఎందుకంటే నేను చెప్పేదంతా అక్కడి నుంచే వస్తోంది. వారం రోజులు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఆదివారం అదే కాలేజీలో, ఓపెన్ యూనివర్సిటీ స్టడీ సెంటర్‌లో చెప్తాను. అవే గదులు, అవే బెంచీలు. సోమవారం కూర్చునేవాళ్లకి పద్దెనిమిదేళ్లు. ఆదివారం కూర్చునేవాళ్లలో కానిస్టేబుల్ ఉంటాడు, అతనికి ఎస్సై పరీక్ష రాయాలంటే డిగ్రీ కావాలి. అంగన్‌వాడీలో పనిచేసే ఆవిడ ఉంటుంది. కిరాణా కొట్టు చూసుకుంటూ వచ్చే అబ్బాయి, ఇంటర్ అవగానే పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం పట్టిన అమ్మాయి, ఇలా. సోమవారం పిల్లల్ని చదివించడానికి కాలేజీ మొత్తం వాళ్ల వెనక పడుతుంది: అటెండెన్స్, ఇంటర్నల్స్, పక్కన కూర్చునే ఫ్రెండు, తిట్టే లెక్చరర్. ఆదివారం వాళ్ల వెనక ఎవరూ పడరు. అయినా వాళ్లు వస్తారు, ఎందుకంటే ఆ డిగ్రీ ఎందుకు కావాలో వాళ్లకి చాలా స్పష్టంగా తెలుసు. దూరవిద్య గానీ ఆన్‌లైన్ గానీ ఎవరికి అచ్చొస్తుందో నాకు అక్కడే అర్థమైంది. ఎందుకు కావాలో తెలిసినవాళ్లకి, ఇప్పటికే రోజంతా ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లకి అచ్చొస్తుంది.

మనకి ఇది కొత్తేమీ కాదు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టింది మన హైదరాబాద్‌లోనే, 1982లో, అప్పట్లో దాన్ని ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అనేవారు, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి. రామ్‌రెడ్డి గారే తర్వాత 1985లో మొదలైన జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి దగ్గరికి యూనివర్సిటీయే వెళ్లాలి అన్నది ఆ ఆలోచన. ఇవాళ్టి ఆన్‌లైన్ డిగ్రీ దాని తర్వాతి మెట్టు. కాబట్టి దీన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు కోపం వస్తుంది. అలాగని దీన్ని అందరికీ అంటగట్టేవాళ్లన్నా కోపమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఏ కోర్సు, ఎంత ఫీజు, ఎన్ని నెలలు అని అడిగేముందు ఒక్కటి తేల్చుకోండి. రేపు మీ సర్టిఫికెట్ ఎవరి టేబుల్ మీదకి వెళ్తుంది? ఆ టేబుల్ అవతల కూర్చున్న మనిషి ఏం చూస్తాడు? మనవాళ్లు ఎక్కువమంది డిగ్రీ అమ్మేవాళ్లను అడుగుతారు. అడగాల్సింది దాన్ని చూసి లోపలికి రానిచ్చేవాళ్లను.

మీకు కావాల్సింది ప్రభుత్వ ఉద్యోగమా? గ్రూప్స్, బ్యాంకులు, ఎస్సెస్సీ, సివిల్స్? అయితే నిశ్చింతగా ఉండొచ్చు. దేశంలో యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2020 సెప్టెంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న యూనివర్సిటీ నుంచి ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేసిన డిగ్రీ, కాలేజీకి వెళ్లి చేసిన డిగ్రీతో సమానం. 2022లో మళ్లీ ఒకసారి నోటీసు ఇచ్చి మరీ చెప్పారు. పై చదువులకీ అంతే.

ప్రైవేటు ఉద్యోగం దగ్గర లెక్క మారుతుంది. పెద్ద ఐటీ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఇచ్చే ప్రకటనలు చివరిదాకా చదవండి. కొన్నిటిలో "ఫుల్ టైమ్ కోర్సులు మాత్రమే" అని ఉంటుంది. చట్టం సమానం అన్నా, ఎవరిని ఇంటర్వ్యూకి పిలవాలో కంపెనీ ఇష్టం. ఇంకోటి, క్యాంపస్ సెలక్షన్ అనేది క్యాంపస్ ఉన్నవాళ్లకి. ఆన్‌లైన్ కోర్సు బ్రోచర్‌లో "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉంటే దాని అర్థం ఏమిటో ఫోన్ చేసి అడగండి. చాలాసార్లు అది ఒక జాబ్ పోర్టల్ లాగిన్, రెండు రెజ్యూమె క్లాసులు. అదే ఇప్పటికే ఉద్యోగంలో ఉండి, ప్రమోషన్‌కి డిగ్రీ అడ్డొస్తున్న మనిషికి ఈ బాధ లేదు. మీ హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడగండి: "ఫలానా యూనివర్సిటీ ఆన్‌లైన్ బీకామ్ మన దగ్గర చెల్లుతుందా?" జవాబు రాతలో తీసుకోండి.

అమెరికా మాట కూడా చెప్పాలి, మన ఇళ్లలో అది రాకుండా ఉండదు కదా. అక్కడి యూనివర్సిటీ మాస్టర్స్ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేస్తే ఫీజు తగ్గుతుంది, నిజమే. కానీ దానికి స్టూడెంట్ వీసా ఉండదు, వీసా లేకపోతే చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే ఓపీటీ కూడా ఉండదు. అక్కడికి వెళ్లి ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద చదివేవాళ్లకి కూడా సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ సబ్జెక్టే ఫుల్ టైమ్ లెక్కలోకి వస్తుంది. జ్ఞానం కోసం చేస్తే మంచిదే. అక్కడికి వెళ్లే దారి అనుకుని చేస్తే మాత్రం అప్పు మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో అసలు చేయకూడనివి ఉన్నాయి. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లా, అగ్రికల్చర్, హోటల్ మేనేజ్‌మెంట్, ఇవేవీ ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇవ్వడానికి వీల్లేదు. పీహెచ్‌డీ కూడా అంతే. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ లాంటి ఆరోగ్య రంగం కోర్సులు కూడా ఆపేశారు. ఎవరైనా "ఆన్‌లైన్ బీటెక్" అని ఫోన్ చేస్తే, మాట్లాడకుండా పెట్టేయండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఉంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను కోర్టు సస్పెండ్ చేసి, సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ పెట్టే పరీక్ష రాసి పాసైతేనే చెల్లుతాయంది. ఆ తర్వాత చేరినవాళ్లకి ఆ అవకాశం కూడా ఇవ్వలేదు, రద్దు. ఒక్కసారి ఊహించుకోండి. డిగ్రీ చేతికొచ్చి, దాని మీద ప్రమోషన్ వచ్చి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక, పదేళ్లు దాటాక వచ్చిన తీర్పు అది. వాళ్లు కష్టపడి చదవలేదని ఎవరూ అనలేదు. చేరిన రోజు అడగాల్సింది అడగలేదు, అంతే. చేర్పించుకున్నవాళ్లకి బాగానే గడిచింది, నష్టమంతా చేరినవాళ్ల నెత్తిన పడింది.

అందుకని, పరిశీలన ఎలా చేయాలో చెప్తాను, ఫోన్లు తీయండి, రాసుకోండి. యూజీసీలో డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అని ఉంది, డీఈబీ అంటారు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి ఏ కోర్సులో అనుమతి ఉందో జాబితా ఉంటుంది. యూనివర్సిటీ పేరు కనపడగానే ఆగిపోకండి. మీరు చేరబోయే కోర్సు పేరు ఉండాలి, మీరు చేరే సెషన్ ఉండాలి, ఆన్‌లైన్ అనో దూరవిద్య అనో మీరు అనుకుంటున్న పద్ధతి ఉండాలి. ఒకే యూనివర్సిటీకి బీబీఏ ఉండి బీసీఏ లేకపోవచ్చు. 2024 నుంచి చేరేవాళ్లకి డీఈబీ ఐడీ తప్పనిసరి చేశారు, దాన్ని మీరే తీసుకోవాలి. "మీకెందుకు సార్, మేమే చూసుకుంటాం, ఓటీపీ చెప్పండి" అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

మన టౌన్‌లో బస్టాండ్ దగ్గర, కోచింగ్ సెంటర్ల మేడ మీద, వేరే రాష్ట్రం యూనివర్సిటీ బోర్డులు కనపడతాయి. "ఇక్కడే పరీక్ష, పాస్ గ్యారంటీ, ఏడాదిలో డిగ్రీ." రాష్ట్రాల యూనివర్సిటీలకి దూరవిద్య నడపడానికి పరిధి ఉంటుంది, తమ రాష్ట్రం దాటి స్టడీ సెంటర్ పెట్టకూడదు. ఫ్రాంచైజీకి ఇవ్వడం అసలే కుదరదు. ఆన్‌లైన్ కోర్సుకైతే దేశమంతా చేరొచ్చు, కానీ దానికి బస్టాండ్ దగ్గర ఆఫీసుతో పనేంటి? అడ్మిషన్ యూనివర్సిటీ సైట్‌లో నేరుగా జరుగుతుంది, ఫీజు యూనివర్సిటీ ఖాతాలోకే వెళ్లాలి. మూడేళ్ల డిగ్రీ ఏడాదిలో ఇస్తామన్నారంటే అది పోలీసులకి చెప్పాల్సిన విషయం.

డబ్బు దగ్గర ఇంకో చిక్కుంది. "నెలకి ఇంతే, నో కాస్ట్ ఈఎంఐ" అంటారు. చాలాసార్లు అది యూనివర్సిటీ ఇచ్చే వాయిదా కాదు, మీ పేరున ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన లోను. మూడు నెలల తర్వాత చదువు కుదరక మానేసినా లోను ఆగదు, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఎడ్‌టెక్ కంపెనీలతో, అంటే ఆన్‌లైన్‌లో చదువు అమ్మే కంపెనీలతో, జాగ్రత్తగా ఉండమని, ఆటో డెబిట్‌కి ఒప్పుకోవద్దని 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖే హెచ్చరించింది. సెమిస్టర్ వారీగా కట్టనిచ్చే చోట చేరండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కాలేజీల్లో చదివేవాళ్ల కోసం పెట్టిన పథకం, అది ఉంటుందనుకుని లెక్క వేసుకోవద్దు. ఈ ఒక్క కారణంతోనే చాలా ఇళ్లకి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ప్రైవేటు ఆన్‌లైన్ డిగ్రీ కన్నా చవక.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం: గంటలు. క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. అంటే 3600 గంటలు. ఏడాదికి 1200. పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు ఏవీ తీసేయకుండా లెక్కేసినా వారానికి 23 గంటలు, రోజుకి మూడు గంటల పైమాటే. ఆన్‌లైన్ అంటే తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు అని అమ్ముతారు. తీరిక దానంతటది దొరకదు, ఇంట్లోవాళ్లు ఇవ్వాలి. రాత్రి ఏడు నుంచి పది దాకా వంట ఎవరు చూస్తారు, పిల్లల్ని ఎవరు పడుకోబెడతారు, కొట్టు ఎవరు మూస్తారు, ఇది చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆదివారం నా క్లాసులో మధ్యలో మానేసినవాళ్లని అడిగితే పాఠం అర్థం కాలేదని చెప్పినవాళ్లు తక్కువ. ఇంట్లో టైం దొరకలేదని చెప్పినవాళ్లే ఎక్కువ, వాళ్లలోనూ ఆడవాళ్లే ఎక్కువ. భర్తలు కొందరు ఇక్కడున్నారు, మీకే చెప్తున్నాను: ఫీజు కట్టడంతో మీ పని అయిపోలేదు.

భాష సంగతి కూడా చూసుకోండి. ప్రైవేటు ఆన్‌లైన్ డిగ్రీలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే. ఇగ్నోలో ఎక్కువగా ఇంగ్లిష్, హిందీ. తెలుగు మీడియంలో ఇంటర్ చేసి, మధ్యలో పదేళ్లు ఆగి, ఒక్కసారిగా ఇంగ్లిష్ వీడియో ముందు ఒంటరిగా కూర్చుంటే, తెలివైన మనిషి కూడా "నావల్ల కాదు" అనుకుంటాడు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ, బీకామ్ తెలుగులో చేయొచ్చు, అచ్చు పుస్తకాలు ఇస్తారు, ఆదివారం క్లాసులో మనిషి ఎదురుగా ఉంటాడు. అది పూర్తిగా ఆన్‌లైన్ కాదు. కానీ చాలామందికి కావాల్సింది అదే.

మంచి ఆన్‌లైన్ కోర్సు ఎలా ఉంటుందో చూడాలనుకుంటే ఐఐటీ మద్రాస్ వాళ్ల డేటా సైన్స్ బీఎస్ చూడండి, 2020లో మొదలుపెట్టారు. జేఈఈ అక్కర్లేదు. ముందు నాలుగు వారాల పాఠాలు చెప్పి, క్వాలిఫయర్ పరీక్ష పెట్టి, పాసైనవాళ్లనే తీసుకుంటారు. పాఠాలు ఆన్‌లైన్, ముఖ్యమైన పరీక్షలు మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాలి. ఒక్కో సబ్జెక్టుకి వారానికి పది గంటలు పడుతుందని వాళ్లే చెప్తారు. ఫౌండేషన్ దగ్గర ఆగిపోతే సర్టిఫికెట్, ఆ పైన డిప్లొమా, ఆ పైన డిగ్రీ. ఆదాయం తక్కువున్నవాళ్లకి ఫీజులో రాయితీ ఉంది. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే, చేరకముందే మీకు ఇది కుదురుతుందో లేదో మీకే తెలిసిపోతుంది. అందరినీ రమ్మనే కోర్సు కన్నా, ముందు పరీక్ష పెట్టే కోర్సు మీ మీద ఎక్కువ గౌరవం చూపిస్తున్నట్టు.

ఇక పద్దెనిమిదేళ్ల పిల్లలకి. నా మాట సూటిగా చెప్తాను. దగ్గర్లో ఒక మాదిరి కాలేజీ ఉండి, వెళ్లే వీలుంటే, కాలేజీకే వెళ్లండి. పాఠం యూట్యూబ్‌లో కూడా దొరుకుతుంది, నాకన్నా బాగా చెప్పేవాళ్లున్నారు అక్కడ. కానీ స్టేజీ మీద తడబడుతూ మొదటిసారి మాట్లాడటం, ల్యాబ్‌లో తప్పు చేయడం, మన ఊరు కానివాడితో, మన కులం కానివాడితో ఒకే బెంచీ మీద మూడేళ్లు కూర్చోవడం, ఇవి స్క్రీన్ మీద రావు. కాలేజీ బాగా దూరమైతే, ఆరోగ్యం సహకరించకపోతే, ఇంటికి మీ సంపాదన అవసరమైతే అప్పుడు ఆన్‌లైన్, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక తండ్రి: "సార్, మాకు ఇద్దరాడపిల్లలు. హాస్టల్ ఖర్చు, రోజులు కూడా బాలేవు. ఇంట్లోనే ఉంచి ఆన్‌లైన్‌లో చేయిస్తే మంచిదే కదా?")

అన్నా, ఖర్చు గురించైతే కూర్చుని లెక్క వేద్దాం, సంక్షేమ హాస్టళ్లున్నాయి, గురుకుల డిగ్రీ కాలేజీలున్నాయి, బస్ పాస్ ఉంది. భయం గురించైతే మాత్రం ఒక మాట చెప్పనివ్వండి. మీకు కొడుకు ఉంటే ఇదే అడిగేవారా? అమ్మాయిని ఇంట్లో ఉంచడానికి ఆన్‌లైన్ డిగ్రీ సాకు కాకూడదు. నా దగ్గరికి వచ్చే ఆదివారం అమ్మాయిల్లో చాలామంది చెప్పేది ఒక్కటే, కాలేజీకి పంపించి ఉంటే బాగుండేదని. మీ పిల్లల్ని అడిగారా? ఇక్కడికి తీసుకొచ్చారా? ఈసారి తీసుకురండి, వాళ్లతో మాట్లాడతాను.

(ఒక విద్యార్థి: "బీకామ్ రెగ్యులర్ చేస్తూ పక్కన ఆన్‌లైన్‌లో ఇంకో డిగ్రీ చేయొచ్చా?")

చేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చేయనిస్తోంది. కాకపోతే ఇందాక చెప్పిన 23 గంటలు గుర్తుపెట్టుకో బాబూ, రెండిటికీ కలిపి 46. మొదటి సెమిస్టర్ మార్కులు చూసుకుని రెండోదాని గురించి ఆలోచించు. సర్టిఫికెట్ కన్నా నేర్చుకోవడమే ముఖ్యం అనుకుంటే కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల సైట్ 'స్వయం'లో ఒక్క కోర్సు చేసి చూడు, చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సెంటర్‌లో పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు.

(ఒక మహిళ: "ఇంటర్ అయి ఎనిమిదేళ్లయింది సార్. ఒక సబ్జెక్టు పోయింది కూడా. ఇప్పుడు నాకు కుదురుతుందా?")

కుదురుతుందమ్మా. ముందు ఆ సబ్జెక్టు సంగతి చూద్దాం. ఇంటర్ పాస్ కాకుండా డిగ్రీలో ఎవరైనా చేర్చుకుంటామంటే నమ్మకు. ఇంటర్ బోర్డులో ఆ సబ్జెక్టు రాయడం కుదురుతుందేమో అడుగు, కుదరకపోతే ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ ఉంది, ఆ సర్టిఫికెట్‌తో డిగ్రీలో చేరొచ్చు. అది అయ్యేలోపు ఆధార్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకో, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్పించుకుని ఉంటే ఇక్కడే చిక్కు వస్తుంది, డీఈబీ ఐడీ దగ్గర ఆగిపోతావు. మెమోలు తీసుకుని వచ్చే ఆదివారం పదింటికి మా కాలేజీకి రా. మీ ఆయన్ని కూడా తీసుకురా, నువ్వు చదువుకోవాల్సిన ఆ మూడు గంటల సంగతి ఆయన ముందే మాట్లాడుకుందాం.